స్వంతముగా పాడ్‌కాస్టు నడుపుట: రైతుల కొక పాఠము

ఇటీవల కొందఱు సభ్యులు, ముఖ్యముగా పట్టణములలో చదువుకొని తిరిగి సేద్యమునకు వచ్చిన యువకులు, తమ అనుభవములను ఫోనులో మాటాడి పదిమందికి వినిపింపవలెనను కోరికతో మమ్ము వివరము లడుగుచున్నారు. పాడ్‌కాస్టు అను పేరు వారు వినియే యున్నారు. దానిని తయారుచేయు టెట్లో, శ్రోతల కందించు టెట్లో, ఏ సంస్థకును లోబడక ఒక్కడే దానిని పెంచుకొను టెట్లో ఈ పాఠమున మాకు తెలిసినంతవఱకు చెప్పుదుము. పని కష్టమైనది కాదు. ఖర్చు అంతకంటెను తక్కువ. కాని నడుపువాడు తన చేతినుండి జారిపోనీయరానివి రెండు గలవు. మొదటిది ఫీడు, రెండవది శ్రోత యొక్క నమ్మకము. మైకు చెడిన మఱియొక మైకు కొనవచ్చును. ఈ రెండు పోయినయెడల మరల మొదటినుండి దుక్కి దున్నవలసినదే.

రేడియో ప్రసంగ మొక వేళకు వచ్చి పోవును. ఆ వేళకు రేడియో యొద్ద లేనివానికి అది దక్కదు. పాడ్‌కాస్టు అట్లు గాక, ధ్వని ఫైలై ఇంటర్నెట్టునం దొకచోట నిలిచియుండును. వినువాడు తనకు తీఱికైనపుడు దింపుకొని, ట్రాక్టరు నడుపుచునో, పాలు పితుకుచునో, బస్సులో పోవుచునో వినును. తెలియనిచోట నాపి వెనుకకు జరిపి మరల వినును. వీడియో చూచుటకు కన్నులును చేతులును రెండును కావలెను. దీనికి చెవి యొక్కటియే చాలును. పొలము పనివానికి ఇంతకంటె అనుకూలమైన విద్య మఱియొకటి లేదని మా అభిప్రాయము.

ఫీడనగా నేమి?

ధ్వని ఫైలును ఫీడునకు జతచేయు పద్ధతిని అమెరికాలో డేవ్ వైనర్ అను ప్రోగ్రామరు 2000 సంవత్సరాంతమున ఆర్.ఎస్.ఎస్. అను ఏర్పాటులో చేర్చెను. ఆడమ్ కరీ అను రేడియో, టెలివిజను కార్యక్రమకర్త దానికి ప్రోత్సాహకుడు. 'పాడ్‌కాస్టు' అను మాటను బెన్ హామర్స్‌లీ 2004 ఫిబ్రవరిలో లండనునందలి గార్డియన్ పత్రికలో వాడెను. 2005 జూనులో ఆపిల్ కంపెనీవారు తమ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులను చేర్చుకొనిన పిమ్మట సామాన్యులకును ఇవి అందుబాటులోనికి వచ్చెను.

ఫీడొక చిన్న వ్రాతపట్టిక. అందు కార్యక్రమము పేరు, నడుపువాని పేరు, ముఖచిత్రమున్న చోటు మొదట నుండును. వాని క్రింద ఒక్కొక్క ఎపిసోడునకు, అనగా ఒక్కొక్క సంచికకు, పేరును, తేదీయు, కొద్దిపాటి వివరమును, ధ్వని ఫైలున్న చిరునామాయు, మఱియొక సంచికకు లేనట్టి గుర్తుసంఖ్యయు నుండును. శ్రోత ఫోనులోని యాప్ అప్పుడప్పుడు వచ్చి ఆ పట్టికను చూచిపోవును. క్రొత్త పంక్తి చేరియున్నయెడల ఆ సంచికను తెచ్చి శ్రోత కిచ్చును. అంతే గాని ఆ పట్టిక యాప్‌నకు చెందినది గాదు. దానిని ఆపిల్, స్పాటిఫై మొదలగు చోట్ల ఒక్కొక్కసారి నమోదు చేసిన చాలును. తరువాత వేసిన ప్రతి సంచికయు అన్నిచోట్లకును తనంతట చేరును.

ఇది యెందుల కింత విప్పి చెప్పుచున్నామనగా, క్రొత్తగా మొదలుపెట్టువారు చాలమంది ఏదో యొక యాప్‌లో మాత్రమే మాటాడి వేసి, తమ శ్రోత లందఱును తమవారే యని తలంతురు. ఆ యాప్ నియమములు మారినను, మూతపడినను వారి గతి యేమి? స్టిచర్ అను పేరుగల యాప్ 2023 ఆగస్టులో మూతపడెను. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూయబడెను. అవి రెండును చిన్న దుకాణములు కావు. అయినను, ఫీడు తన యధీనమున నుంచుకొనిన కార్యక్రమకర్త సంచికలలో ఒక్కటియు నశింపలేదు. వాని శ్రోతలు వేఱొక యాప్‌లో అదే ఫీడును తెఱచుకొనిరి. ఒక వర్తకుని కల్లమునందే ధాన్యము పోసి తాళపుచెవి వానికే యిచ్చుటకును, మన గాదెలో పోసికొని నలుగురు వర్తకులకు నమూనా చూపుటకును ఎంత భేదమో దీనియందును అంత భేదము.

కావున ఫైళ్ల నుంచుటకు హోస్టింగు సంస్థను కుదుర్చుకొనునపు డీ ప్రశ్న లడుగవలెను. ఫీడు చిరునామా నాకు విడిగా నిత్తురా? రేపు నేను మఱియొక సంస్థకు మారదలచిన, పాత చిరునామాకు వచ్చిన యాప్‌లను క్రొత్త చిరునామాకు మళ్లింతురా? డబ్బు కట్టుట మానిన పాత సంచిక లుండునా, తీసివేయబడునా? ఉచితముగా నిచ్చువారును గలరు, నెలకు రుసుము గొనువారును గలరు. ఉచితమైనదానిని మేము వలదనము. కాని మళ్లింపు సౌకర్యము లేనిదానిని వలదనుచున్నాము. నమోదునకు వాడు ఈమెయిలు చిరునామా మీ స్వంతమై యుండవలెను. కంప్యూటరు తెలిసిన మేనల్లుని చిరునామాతో నమోదు చేయించి, అతడు ఉద్యోగమునకై దూరదేశము పోయిన పిమ్మట తాళపుచెవికై వెదకుట మంచిది కాదు. ప్రతి సంచిక యొక్క మూలధ్వనిని, కోతలు కోయక ముందటిదానిని గూడ, మీ యింట నొక హార్డుడిస్కులో దాచుకొనుడు.

ఏమి మాటాడవలెను?

"వ్యవసాయము" అని పేరు పెట్టి అన్నిటిని గూర్చి మాటాడువాడు ఎవ్వరికిని గుర్తుండడు. చేను చిన్నదైనను గట్లు స్పష్టముగా నుండవలెను. అమెరికాలో మైక్ డంకన్ అను నతడు 2007 జూలైలో రోము సామ్రాజ్య చరిత్ర నొక్కదానినే తీసికొని, ఒంటరిగా, 'ది హిస్టరీ ఆఫ్ రోమ్' అను పాడ్‌కాస్టు మొదలుపెట్టెను. వెనుక రేడియో సంస్థ గాని, విశ్వవిద్యాలయము గాని లేదు. తొలి సంచికలు పొట్టివి. వాని ధ్వనియు సామాన్యమే. అతడు చేసినదెల్ల పురము పుట్టుకనుండి వరుస తప్పక ఒకదాని వెనుక నొకటిగా చెప్పుకొనిపోవుటయే. 2012 మేలో పశ్చిమ సామ్రాజ్యము పడిపోయిన ఘట్టముతో, 179వ సంఖ్య యొద్ద ముగించెను. రెండువేల యేండ్ల నాటి దూరదేశపు రాజుల కథకు ఇంటింట శ్రోతలు దొరకినప్పుడు, మీ మండలమునందలి మెట్ట కందికి గాని, మీ చెఱువు క్రింది వరికి గాని శ్రోతలు దొరకరని యేల యనుకొనవలెను? తెలుగునందును హర్షణీయం అను పాడ్‌కాస్టు సాహిత్యమునకే కట్టుబడి కథలను, రచయితలతోడను అనువాదకులతోడను సంభాషణలను వినిపించినది.

మొదలుపెట్టుటకు ముందు ఒక కాగితముపై పది సంచికలకు విషయములు వ్రాయుడు. పది తోచనియెడల మైకు కొనుట మానుడు. మూడు నాలుగు సంచికలతో నిలిచిపోయిన పాడ్‌కాస్టులు లెక్కకు మిక్కిలి యున్నవి; అవి ఉత్సాహము లేక గాక, మొదటి మూటలోనే విత్తన మంతయు చల్లివేయుటచే నిలిచిపోయినవి. పది వ్రాయగలిగిన, వానిలో మూడింటిని ముందే ముద్రించి చేతిలో నుంచుకొని, అప్పుడు మొదటిదానిని విడుదల చేయుడు. నాట్ల వేళను, కోతల వేళను మీకు తీఱిక యుండదు గదా. అట్టి వారములకు ఈ నిలువ అక్కఱకు వచ్చును. వారమున కొకటియా, పక్షమున కొకటియా యనునది మీ యిష్టము. కాని చెప్పిన దినమున రావలెను. పదునైదు నిమిషములు మొదటి యేట చాలును.

ధ్వనిని పట్టుట

ఇచ్చట చాలమంది వెఱ్ఱి ఖర్చు పెట్టుదురు. మంచి ఫోనును, చొక్కాకు తగిలించు తీగమైకును మొదటి యేటికి సరిపోవును. మైకుకంటె గది ముఖ్యము. సిమెంటు గోడలు, పలకల నేల గల ఖాళీ గదిలో మాట ప్రతిధ్వనించి బావిలోనుండి వచ్చినట్లుండును. ధాన్యపు బస్తాలు పేర్చిన కొట్టు, బొంతలును పరుపులును మడిచి పెట్టిన చిన్న గది, బట్టల బీరువా ముందటి చోటు, ఇవి మేలు. ఏమియు లేనిచో దుప్పటి ముసుగు పెట్టుకొని మాటాడినను తప్పు లేదు. చూచువా రెవ్వరును లేరు, వినువారే గలరు. ఫ్యాను నాపవలెను. మోటారు నడుచుచున్నయెడల అది ఆగువఱకు వేచియుండవలెను. ఫోనును విమానపు స్థితిలో నుంచినచో నడుమ పిలుపులు రావు.

ఫోనులోనే మాటాడునప్పుడు దానిని నోటికి జానెడు దూరమున, నేరుగా గాక కొంచెము ప్రక్కగా నుంచుడు. నేరుగా నున్నచో ప, ఫ, బ, భ అను నక్షరముల గాలి మైకునకు తగిలి టప్పుమని మ్రోగును. మొదట అరనిమిషము ముద్రించి, ఇయర్‌ఫోన్లతో విని, సరిగానున్నదని తెలిసికొనిన పిమ్మటనే అసలు పని మొదలుపెట్టవలెను. మాటలకు ముందు పది క్షణములు ఏమియు మాటాడక గది నిశ్శబ్దమును సైతము ముద్రింపుడు. తరువాత కంప్యూటరులో ఆ నిశ్శబ్దమును నమూనాగా చూపినచో, వెనుక వినవచ్చు సన్నని హోరును తగ్గించుటకు వీలగును.

మఱియొక మాట. మేమీ పత్రికలో వ్రాయు భాష చదువుటకు దగినది. చెవికి దగినది గాదు. మైకు ముందు మీ యింటి మాటయే మాటాడుడు. జహీరాబాదు ప్రాంతమునందలి మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి సంఘం రేడియో దీనికి మంచి నిదర్శనము. 2006లో ప్రభుత్వము ప్రజాసంఘములకు సముదాయ రేడియో అనుమతి నీయ నారంభించిన పిమ్మట, 2008 అక్టోబరులో అది ప్రసారము మొదలుపెట్టెను. అనుమతి రాకముందే అక్కడి స్త్రీలు ధ్వనిముద్రణలు చేసి, తమ సంఘములలో వినిపించుకొనుచుండిరి. దళిత రైతుస్త్రీలే యంత్రములు నడిపిరి, ప్రశ్నలడిగిరి, జొన్నలు, కొఱ్ఱలు, పప్పుల సాగును గూర్చి తమ మాటలోనే చెప్పిరి. వారికి గాలిలో ప్రసారము చేయుటకు ఏండ్లతరబడి వేచిన పిమ్మట అనుమతి దొరకినది. పాడ్‌కాస్టునకు అట్టి ప్రసారపు అనుమతి యక్కఱలేదు. ఆ స్వేచ్ఛ ఎంత విలువైనదో వారి కథ తెలిసినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఒకరే మాటాడుట కంటె మఱియొక రైతును కూర్చుండబెట్టుకొనుట మేలు. కాని మైకు చూచినంతనే అనుభవజ్ఞుడైన పెద్దరైతు సహితము సభలో మాటాడినట్లు బిగిసికొనిపోవును. అట్టివానిని కుర్చీలో కూర్చుండబెట్టకుడు. చేనిగట్టున నడచుచు, లేక కొడవలి నూఱుచు నున్నపు డడుగుడు. చేతికి పని యున్న నోరు తేలికపడును. "మీ అనుభవము చెప్పండి" అను ప్రశ్నకు ఉపన్యాసమే జవాబుగా వచ్చును. "ఏ కార్తెలో విత్తినారు? ఎకరమునకు ఎన్ని కిలోలు పట్టినది? కలుపు కూలి ఎంతయైనది? ఎంతకమ్మినారు? మిగిలిన దెంత?" అని అడిగిన, నిజము బయటికి వచ్చును. నష్టపడిన యేటిని గూర్చి తప్పక అడుగుడు. దిగుబడి గొప్పలు అందఱును చెప్పుదురు. పంట పోయిన యేట ఏమి చేసితిరనునదే వినువానికి అక్కఱ. ముద్రింపబోవుచున్నామని ముందే చెప్పి ఒప్పించుకొనుడు. తరువాత ఆయన ఏదేని మాట తీసివేయుమన్నచో మాఱు పలుకక తీసివేయుడు.

కోతయు, కొలతయు

ముద్రించినదానిని కోయుటకు ఆడాసిటీ అను సాధనము ఉచితముగా దొరకును. దగ్గులు, చెప్పినదే చెప్పుటలు, దారి తప్పిన మాటలు తీసివేయవలెను. ఊపిరినెల్ల తీసివేసిన మనిషి యంత్రమువలె వినవచ్చును. స్వరముల బలము సమముగా నుండుట ముఖ్యము. ప్రశ్న పెద్దగాను, జవాబు గొణుగుటగాను ఉన్నచో శ్రోత ప్రతి నిమిషము ధ్వనిని పెంచుచు తగ్గించుచు విసిగి మానివేయును. ఆపిల్ వారు మైనస్ 16 ఎల్.యు.ఎఫ్.ఎస్. అను బలమును సూచించియున్నారు. ఆడాసిటీలో ఆ సంఖ్య వేసిన నదియే సరిచేయును.

ఫైలు పరిమాణము మన శ్రోతల డేటా ఖర్చునకు సంబంధించినది గనుక లెక్క చూపుదుము. మాటలకు ఒకే వరుస ధ్వని, అనగా మోనో, క్షణమునకు 64 కిలోబిట్ల ఎం.పి.3 చాలును. 8 బిట్లు ఒక బైటు గావున అది క్షణమునకు 8 కిలోబైట్లు, నిమిషమునకు 480 కిలోబైట్లు అగును. అరగంట సంచిక దాదాపు 14.4 మెగాబైట్లగును. సంగీతమునకు వాడు 192 కిలోబిట్ల కొలతతో నదే సంచిక 43 మెగాబైట్లగును. మాటలో మాత్రము మేలేమియు పెద్దగా తెలియదు. ముఖచిత్రము చతురస్రముగా, 1400 నుండి 3000 పిక్సెళ్ల వఱకు నుండవలెనని ఆపిల్ నియమము. అది ఫోనులో గోరంత కనబడును గనుక పేరు పెద్ద అక్షరములతో వ్రాసిన చాలును.

సినిమాపాట ముక్కను ముందొకటి, వెనుకొకటి తగిలింపవలెనని చాలమందికి ముచ్చట. అది కూడదు. మన 1957 కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణకు ప్రచురణమైన మరుసటి సంవత్సరాది నుండి 60 సంవత్సరములు హక్కు గలదు. కొద్ది క్షణములే గదా యనిన చెల్లదు. మీ యింటి ముసలమ్మ పాడు నాట్లపాట నామె యనుమతితో ముద్రించి వాడుకొనుడు; మఱియెవ్వరికిని లేని గుర్తు మీకు దొరకును.

మాటకు బాధ్యత

ఇచ్చట మేము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. పాడ్‌కాస్టు కథలకును కబుర్లకును సంబంధించినదైన తప్పు పలికినను నవ్వి ఊరకుందురు. సేద్యమును గూర్చి మాటాడువాని తప్పు మఱియొకని చేనిలో మొలచును.

చెవితో వినినపుడు 'అర' యనునది 'ఆరు'గా వినబడుట సులభము. ట్రాక్టరు మ్రోతలో వినుచున్నవానికి 'అర లీటరు', 'ఆరు లీటర్లు' అను వానికి భేదమెంత? కావున మోతాదును చెప్పునపుడు రెండుమాఱులు, రెండు విధములుగా చెప్పవలెను. "వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు; అనగా పది లీటర్ల డబ్బాకు 50 మిల్లీలీటర్లు" అనిన, ఒకటి తప్పుగా విన్నను రెండవది సరిదిద్దును. ఎకరమా హెక్టారా యనునది ప్రతిసారియు చెప్పవలెను. హెక్టారు దాదాపు రెండున్నర యెకరములు గనుక ఆ మాట మఱచిన మోతాదు రెండున్నర రెట్లు తప్పును. సంచిక క్రింది వివరమున అదే సంఖ్యను అంకెలలో వ్రాసి, "మందు పెట్టెపై నున్న లేబులు చూచుకొనుడు" అని చేర్చుడు. మీరు స్వయముగా వాడి చూచినదేది, ఒకరు చెప్పగా విన్నదేది, పరిశోధనాస్థానమువారు సిఫారసు చేసినదేది, వేఱువేఱుగా చెప్పుడు.

రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. రేడియో మాట ఆనాటితో పోవును. పాడ్‌కాస్టు మాట నిలిచియుండును. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ మందు తయారీని, అమ్మకమును, వాడకమును నిలిపివేసెను. 2010లో ఎవరైన దానిని మెచ్చుకొనుచు మాటాడిన సంచిక ఫీడులో నటులే యున్నదనుకొనుడు. నేడు క్రొత్తగా చేరిన శ్రోత దానిని విని, ఇది నేటి సలహాయే యనుకొనును. వానికి తప్పెట్లు తెలియును? కావున ప్రతి సంచిక మొదట నెలయు సంవత్సరమును నోటితో చెప్పుడు. ఏటికొకమాఱు పాత సంచికల నన్నిటిని చూచుకొని, చెల్లని సలహా యున్నచో ఆ చోట సవరణ మాటాడి, అదే గుర్తుసంఖ్య క్రింద ఫైలును మార్చుడు. అయితే ఇదివఱకే దింపుకొనినవారి ఫోనులలో పాతదే యుండును. అందుచే తరువాతి సంచిక మొదటి నిమిషముననే ఆ సవరణను చెప్పవలెను. చివర గొణిగిన లాభము లేదు.

శ్రోతలు పెరుగుట

హోస్టింగు సంస్థవారు చూపు డౌన్‌లోడుల సంఖ్య నెట్లు చదువవలెనో ముందు తెలిసికొనవలెను. అమెరికాలోని ప్రకటనల సంఘమువారి పద్ధతి ప్రకారము, ఒక నిమిషము మాటకు సరిపడు ధ్వనియైనను దిగినచో అది యొక డౌన్‌లోడు. ఒకే శ్రోత ఒకే దినమున మరల మరల తెఱచినను ఒక్కటిగనే లెక్క. దిగినదెల్ల విన్నట్లు గాదు. 2023లో ఆపిల్ వారు, వినక విడిచిన పాడ్‌కాస్టులను తమంతట దింపుట తగ్గించినపుడు చాలమంది లెక్కలు తగ్గెను; నిజమైన శ్రోతలు తగ్గలేదు. ప్రతి ఉదయమును ఆ సంఖ్యను చూచుకొనుట మొలక వచ్చినదా యని విత్తనమును త్రవ్వి చూచుటవంటిది. మొదటి పది సంచికల వఱకు నెల కొకమాఱు చూచిన చాలును. నూఱుమంది క్రమముగా విను పాడ్‌కాస్టును చిన్నచూపు చూడకుడు. నూఱుగురు రైతులు వారము వారము ఒక్కచోట చేరి మన మాట వినుట మా ఉద్యోగములో మే మెన్నడును చూడలేదు.

పెంచుటకు మేలైన యుపాయము చాల సామాన్యమైనది: ఎదుటివాని ఫోను తీసికొని మీరే చూపుట. 'పాడ్‌కాస్టు వినుడు' అనిన పెద్దవారికి తెలియదు. సంతలోనో, సొసైటీ యొద్ద ఎరువుల వరుసలోనో వారి ఫోనులో యాప్ తెఱచి, మీ పేరు వెదకి, అనుసరించు మీట నొక్కి యిచ్చినచో ఆ శ్రోత నిలుచును. గ్రామపు వాట్సాప్ గుంపులో పూర్తి సంచికను గాక, అందలి మంచి నిమిషమును కోసి, ఒక ప్రశ్నతో కూడ పంపుడు. మాటాడిన రైతునకు ఆ ముక్కను వేఱుగా నిండు. ఆయన బంధువు లెల్లరు విందురు. అట్టి పనియే చేయుచున్న మఱియొక జిల్లావానిని మీ సంచికకు పిలిచి, మీరును వాని సంచికకు పోయిన, ఇరువురి శ్రోతలును కలియుదురు. సంచిక పేరున పంట పేరు, తెగులు పేరు, కాలము ఉండవలెను. "ముప్పదియవ సంచిక: ఒక మంచి ముచ్చట" అను పేరును వెదకువా డెవ్వడును లేడు, "పత్తిలో గులాబిరంగు పురుగు: ఆగస్టులో ఏమి చూడవలెను" అనుదానిని వెదకుదురు. మొదటి నిమిషమున మీ వంశవృత్తాంతము చెప్పక, ఈ సంచికలో శ్రోతకు దొరకునదేమో చెప్పుడు. శ్రోతల ప్రశ్నలను వాట్సాప్ గొంతుసందేశములుగా తెప్పించుకొని, వారి యనుమతితో వారి గొంతునే వినిపింపుడు. తన గొంతు విన్నవాడు పదిమందికి చెప్పక మానడు.

డబ్బు

శ్రోతలు కొంత చేరగనే మందుల వర్తకుడో, విత్తనముల కంపెనీ మనుష్యుడో వచ్చి, "మా సరకును గూర్చి రెండు మాటలు చెప్పుడు" అనును. అందు తప్పక ఆలోచింపవలసినది గలదు. డబ్బు తీసికొని చెప్పు మాటను డబ్బు తీసికొన్నామని చెప్పియే చెప్పవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటన చేసిన కంపెనీకే గాక, దానిని మెచ్చుకొని పలికినవానికిని 10 లక్షల రూపాయల వఱకు జుల్మానా విధింపవచ్చును. చట్టము సంగతి యటుంచుడు. మందు పనిచేయక చేను పోయినవాడు కంపెనీ పేరు తలంచడు. మీ గొంతును తలంచును. పురుగుమందుల, విత్తనముల ప్రకటనలను సేద్యపు పాడ్‌కాస్టులో అసలే వేసికొనకుండుట మేలని మా మతము. ట్రాక్టరు మరమ్మతు దుకాణము, టార్పాలిను అమ్మువాడు, పుస్తకముల వర్తకుడు, వీరి ప్రకటనలతో అంత ప్రమాదము లేదు.

వేఱు దారులును గలవు. నెలకు కొంత చొప్పున శ్రోతలే పోషించు పద్ధతిని పేట్రియాన్ అను అమెరికా సంస్థ 2013 నుండి నడుపుచున్నది. మన దేశమున 2016 నుండి యు.పి.ఐ. వచ్చినందున పది రూపాయలు పంపుటయు తేలికైనది. డంకన్ తన శ్రోతలను వెంటబెట్టుకొని ప్రాచీన రోము స్థలములకు యాత్రలు నడిపెను. తరువాత గ్రంథములు వ్రాసెను. మన రైతు తన పొలముననే ఒక దినపు శిక్షణ పెట్టి రుసుము గొనవచ్చును. ఏ దారియైనను, మొదటి రెండేండ్లు హోస్టింగు ఖర్చు వచ్చిన లాభమే యనుకొని మొదలుపెట్టవలెను. అప్పు చేసి మైకులు కొనరాదు.

ఆపవలసి వచ్చినపుడు

ఇల్లు, ఆరోగ్యము, పంటలు ఎప్పుడును ఒక తీరుగ నుండవు. మాటాడుట మానవలసివచ్చిన ఒక చివరి సంచికలో ఆ మాట చెప్పి మానుడు. శ్రోత ఎదురుచూచుచు నుండిపోవుట మంచిది కాదు. డంకన్ 2012లో ముగింతునని ముందే చెప్పి ముగించెను. వాని శ్రోతలలో నొకడైన ఇంగ్లండు దేశస్థుడు రాబిన్ పియర్సన్ అదే యేట, అతడు విడిచిన ఘట్టమునుండియే తూర్పు రోము చరిత్రను 'ది హిస్టరీ ఆఫ్ బైజాంటియం' అను పేర స్వంత పాడ్‌కాస్టుగా మొదలుపెట్టెను. మీ యూరిలో అట్టివా డెవడైన నున్నచో, మీ మూలధ్వనులను, ప్రశ్నల పుస్తకమును అతనికి చూపుడు. ఆపిన పిమ్మట హోస్టింగు రుసుము కట్టలేనియెడల, గడువు తీఱకముందే సంచికల నన్నిటిని ఉచితముగా దాచు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చి, ఆ చిరునామాను చివరి సంచిక వివరమున వ్రాసి పెట్టవలెను.